బాధ చుట్టూ ఉన్న వరుసను కాగితం మీద పెట్టడం ఎలా: ఫంక్షనల్ ఎనాలిసిస్ చేసే పద్ధతి

విశాఖపట్నంలో సైకాలజిస్టుగా పనిచేస్తున్న నన్ను, కౌన్సెలింగ్‌కు వచ్చేవారూ వారి ఇంట్లోవారూ మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఒకటుంది. “బాధ చెప్పుకుందామని వస్తే, అది ఎప్పుడు జరిగింది, పక్కన ఎవరున్నారు, ఆ తరువాత ఏమైంది అని అడిగి కాగితం మీద రాయిస్తున్నారు. ఇది దేనికి? ఇంటి దగ్గర మేమే రాసుకోవాలంటే ఎలా?” ఆ ప్రశ్నకు సమాధానంగా, మీరు నోటుపుస్తకం ముందు పెట్టుకుని అనుసరించడానికి వీలుగా ఇది రాస్తున్నాను.

ఆ పద్ధతిని ఫంక్షనల్ ఎనాలిసిస్ అంటారు. తెలుగులో ప్రకార్య విశ్లేషణ అనవచ్చు. బి.ఎఫ్. స్కిన్నర్ 1953లో ఈ మాటను మనుషుల ప్రవర్తనకు వర్తింపజేశారు. పైకి ఎంత హానికరంగా కనిపించే ప్రవర్తన అయినా ఆ క్షణంలో ఆ మనిషికి ఏదో ఒక పని చేసిపెడుతూ ఉంటుందనీ, ఆ పనేమిటో కనుక్కోకుండా దాన్ని మానిపించబోతే అది తిరిగి వస్తుందనీ, లేదా దాని స్థానంలో మరొకటి వస్తుందనీ ఈ పద్ధతి చెబుతుంది. మీరు పని మొదలుపెట్టడానికి ఇంత సిద్ధాంతం చాలు.

ఇక్కడి ఉదాహరణలు ఏ ఒక్కరివీ కావు. అనేకమంది అనుభవాలను కలిపి, ఎవరినీ గుర్తుపట్టలేని విధంగా అల్లినవి.

ఈ పనిని ఒంటరిగా చేయకూడని సందర్భాలు

చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా, తమను తాము గాయపరచుకుంటున్నా, ఎవరికీ వినిపించని మాటలు వినిపిస్తున్నా, రోజుల తరబడి నిద్ర, తిండి లేకపోయినా నోటుపుస్తకం పక్కన పెట్టి వెంటనే సహాయం తీసుకోండి. కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ సేవ 14416 నంబరులో 24 గంటలూ ఉచితంగా అందుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. నగరంలో కింగ్ జార్జ్ ఆసుపత్రి మానసిక వైద్య విభాగం, చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ప్రాణాపాయం అనిపిస్తే 108కి ఫోన్ చేయండి.

గుండెదడ, ఆయాసం, కళ్ళు తిరగడం, కడుపునొప్పి వంటివి కొత్తగా మొదలైతే, అవి భయం వల్లనే అని మీరే తేల్చుకోకుండా ముందు డాక్టరుకు చూపించుకోండి. థైరాయిడ్ సమస్య, రక్తహీనత, గుండె సంబంధమైన ఇబ్బందులు కూడా ఇలాగే కనిపిస్తాయి.

మరొక సందర్భాన్ని చాలామంది గమనించరు కనుక ప్రత్యేకంగా చెబుతున్నాను. ఇంట్లో కొట్టేవారు, బెదిరించేవారు ఉన్నప్పుడు ఒక స్త్రీ మౌనంగా ఉండిపోవడం, గది తలుపు వేసుకోవడం, పుట్టింటికి ఫోన్ చేయకపోవడం ఆమెను ఆ పూటకు కాపాడుతూ ఉండవచ్చు. అటువంటి ప్రవర్తనను ‘సమస్య’గా రాసి మార్చడానికి ప్రయత్నించకూడదు, ఎందుకంటే మారవలసింది ఆమె చుట్టూ ఉన్న పరిస్థితి. మహిళల సహాయవాణి నంబరు 181.

కావలసినవి

జేబులో పట్టే చిన్న నోటుపుస్తకం ఒకటి, పెన్ను, సమయం చూసుకునే వీలు, కనీసం నాలుగు వారాల ఓపిక. వాటిలో మొదటి వారమంతా గమనించడానికే. ఫోనులో రాసుకోవచ్చు, కాని ఫోను చూడటమే మీ ఇబ్బంది అయితే కాగితమే మేలు. ఇంట్లో మరొకరి గురించి రాయదలిస్తే, వారికి చెప్పి, ఒప్పుకున్నాకే రాయండి. రహస్యంగా రాసిన పుస్తకం బయటపడిన రోజున ఆ మనిషి మీకు ఏమీ చెప్పకుండా మానేస్తారు, అప్పుడు విశ్లేషణకు ఆధారమే ఉండదు.

1. ఒక్క ప్రవర్తనను ఎంచుకోండి

‘నాకు ధైర్యం లేదు’, ‘మావాడు బద్ధకస్తుడు’, ‘ఆవిడకు కోపం ఎక్కువ’ అనేవి ప్రవర్తనలు కావు, మనుషులకు మనం పెట్టిన పేర్లు. ఇలాంటి పేరుతో మొదలుపెడితే కారణం అడిగినప్పుడు మళ్ళీ ఆ పేరే వస్తుంది: ఎందుకు అరుస్తోంది, కోపం ఎక్కువ కనుక, కోపం ఎక్కువని ఎలా తెలుసు, అరుస్తోంది కనుక.

పక్కనున్నవారు చూసి లెక్కపెట్టగలిగేటట్లు రాయండి. ‘బస్సులో భయపడతాను’ అన్నదాని కంటే ‘దిగవలసిన చోటు రాకముందే బస్సు దిగి ఆటో ఎక్కుతాను’ అన్నది పనికివస్తుంది. ఆలోచనలు, గుండెదడ వంటి లోపలి విషయాలను కూడా రాయవచ్చు. అవి మీకు మాత్రమే తెలుస్తాయి కనుక సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేయండి.

ప్రవర్తనా శాస్త్రవేత్త ఆగ్డెన్ లిండ్స్‌లీ ఒక పరీక్ష చెప్పారు: ప్రాణం లేని మనిషి కూడా చేయగలిగినది ప్రవర్తన కాదు. వినడానికి కటువుగా ఉన్నా, ఇది ఎంతో ఉపయోగపడుతుంది. ‘కాలేజీకి వెళ్ళకపోవడం’ ఈ పరీక్షలో నిలవదు. ఆ సమయంలో ఆ అబ్బాయి ఏం చేస్తున్నాడు? దుప్పటి కప్పుకుని పడుకుంటున్నాడా, కడుపునొప్పి అని అమ్మకు చెబుతున్నాడా, స్నేహితునికి మెసేజ్ పెడుతున్నాడా? రాయవలసింది అది.

2. జరిగిన ప్రతిసారీ నాలుగు గడులు నింపండి

ముందు ఏముంది, ఏం చేశాను, వెంటనే ఏం మారింది, తరువాత ఏమైంది. ఈ నాలుగూ ఒకే వరుసలో ఉండాలి. గాజువాక నుంచి మద్దిలపాలెం వైపు ఉద్యోగానికి వెళ్ళే ఒకామె వరుస ఇలా ఉంటుంది:

ముందు: మంగళవారం ఉదయం 8:40. రాత్రి నాలుగు గంటలే నిద్ర. టిఫిన్ తినలేదు. ఎన్.ఏ.డి. కూడలి దాటేసరికి బస్సు కిక్కిరిసింది, కిటికీ పక్క సీటు లేదు. గుండెదడ 7. ‘ఇక్కడే పడిపోతాను, అందరూ చూస్తారు’ అన్న ఆలోచన.

చేసినది: కంచరపాలెంలో దిగి ఆటో పిలిచాను.

వెంటనే: రెండు నిమిషాల్లో దడ 3కు దిగింది. గాలి ఆడినట్లయింది.

తరువాత: ఆఫీసుకు ఆలస్యం. ఆటోకు డబ్బు ఖర్చు. సాయంత్రం బస్సు ఎలా ఎక్కాలన్న బెంగ మధ్యాహ్నం నుంచే మొదలు.

జరిగిన అరగంటలోపు రాయండి. రాత్రి పడుకునే ముందు ఒక్కసారిగా రాస్తే, రోజు మొత్తం మీద మీకున్న అభిప్రాయం కాగితం మీదికి వస్తుంది తప్ప జరిగిన వరుస రాదు. నిద్ర, ఆకలి, నెలసరి, ఇంట్లో మాటామాటా, స్టీల్ ప్లాంటులో పనిచేసేవారికి రాత్రి షిఫ్టు మరునాడు, ఇవన్నీ ‘ముందు’ గడిలోకే వస్తాయి. అవి నేరుగా కారణాలు కాకపోయినా, ఒక రోజు తట్టుకోగలిగినది మరొక రోజు ఎందుకు తట్టుకోలేకపోయారో చెబుతాయి.

ఈ అడుగులో ఎక్కువగా జరిగే పొరపాటు, చెడ్డ రోజులను మాత్రమే రాయడం. అదే బస్సులో, అదే రద్దీలో చివరివరకూ వెళ్ళగలిగిన రోజును కూడా రాయండి. ఆ రోజు పక్కన తెలిసినవారు ఉన్నారా, ఫోనులో ఎవరితోనైనా మాట్లాడుతున్నారా, కడుపునిండా తిని బయలుదేరారా? ఇబ్బంది రాని రోజులతో పోల్చితేనే ఇబ్బంది వచ్చిన రోజులలో తేడా ఏమిటో తెలుస్తుంది. ఇంటి దగ్గర రాసుకు వచ్చిన పుస్తకంలో నేను మొదట వెతికేది అలాంటి రోజులనే.

3. ‘వెంటనే’ అన్న గడిని విడిగా చదవండి

ఈ పద్ధతికి ప్రాణం ఈ గడిలోనే ఉంది కనుక ఇక్కడ తొందరపడకండి. ఒక వారం వరుసలను తీసుకుని, ప్రతి ‘వెంటనే’ పక్కన ఒక ప్రశ్న వేసుకోండి: ఆ క్షణంలో ఏదైనా వచ్చిందా, లేక ఏదైనా పోయిందా?

వచ్చినది మనుషుల శ్రద్ధ కావచ్చు, ఒక వస్తువు కావచ్చు, ఒళ్ళు తేలికపడిన అనుభూతి కావచ్చు. పోయినది భయం, పని భారం, ఎదుటివారి తిట్లు, ఒంటరితనం కావచ్చు. ఏదో వచ్చి ప్రవర్తన బలపడితే దాన్ని ధన పునర్బలనం అనీ, ఏదో పోయి బలపడితే రుణ పునర్బలనం అనీ అంటారు. బి.ఎడ్. చదివినవారు సైతం రుణ పునర్బలనాన్ని శిక్ష అనుకుంటారు. శిక్ష ప్రవర్తనను తగ్గిస్తుంది. రుణ పునర్బలనం దాన్ని పెంచుతుంది. బస్సు దిగగానే దడ తగ్గడం రుణ పునర్బలనమే. ఆ రెండు నిమిషాల ఉపశమనం ఎంత బలమైనదంటే, ఆలస్యం, ఖర్చు, బెంగ అన్నీ కలిసినా దాని ముందు నిలవలేవు, ఎందుకంటే అవి తరువాతెప్పుడో వస్తాయి, ఉపశమనం ఇప్పుడే వస్తుంది.

అందువల్లనే, “ఇంత నష్టమని తెలిసీ ఎందుకు చేస్తున్నావు?” అని ఇంట్లోవారు అడిగినప్పుడు బాధలో ఉన్న మనిషి దగ్గర సమాధానం ఉండదు. ఆ ప్రశ్న వారిని దోషిగా నిలబెడుతుంది. “అలా చేసిన వెంటనే నీకు ఏం తేలికయింది?” అని అడిగితే సమాధానం వస్తుంది. వారు బలహీనులు కారని, వారి శరీరం నేర్చుకోవలసినట్లే నేర్చుకుందని ఈ గడి చూపిస్తుంది. ఆ మాట విన్నప్పుడు కొందరు ఏడుస్తారు. ఇన్నేళ్ళుగా తమ స్వభావమే చెడ్డదని వారు నమ్మి ఉంటారు.

పైకి ఒకేలా కనిపించే ప్రవర్తనలు ఒకే పని చేయవు. తమను తాము గాయపరచుకునే 152 మందిని, వారిలో అత్యధికులు బుద్ధి వికాసంలో ఇబ్బందులున్నవారిని, పరిశీలించిన ఫలితాలను బ్రయన్ ఇవాటా బృందం 1994లో ప్రకటించింది. దాదాపు 38 శాతం మందిలో అది చెప్పిన పని వంటి ఇష్టంలేని వాటి నుంచి తప్పించుకునే మార్గంగా, 26 శాతం మందిలో మనుషుల శ్రద్ధనో వస్తువులనో పొందే మార్గంగా, మరో 26 శాతం మందిలో శరీరంలోని అనుభూతి కోసం జరుగుతున్నట్లు తేలింది. శ్రద్ధ కోసం చేసేవారిని పట్టించుకోకపోతే ప్రవర్తన తగ్గవచ్చు. పని తప్పించుకోవడానికి చేసేవారిని పట్టించుకోకుండా వదిలేస్తే వారికి కావలసిందే దొరుకుతుంది. ‘పట్టించుకోకండి, అదే తగ్గిపోతుంది’ అని అందరికీ ఒకే సలహా ఇవ్వడం ఎంత ప్రమాదమో దీనివల్ల తెలుస్తుంది.

4. ఊహను ఒకే వాక్యంలో రాయండి

“ఫలానా స్థితిలో ఉన్నప్పుడు, ఫలానాది జరిగితే, నేను ఫలానా పని చేస్తాను, వెంటనే ఫలానాది వస్తుంది లేదా పోతుంది, తరువాత ఫలానా నష్టం కలుగుతుంది.” ఈ అచ్చులో మీ వరుసలను నింపండి. నింపలేకపోతే ఇంకా రాయవలసిన వరుసలు ఉన్నాయని అర్థం. మరో నాలుగు రోజులు గమనించండి.

ఇక్కడ గతం గురించి ఒక హెచ్చరిక అవసరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన రోజును ఇక్కడ చూసినవారు మరిచిపోలేరు. గాలి వీచినప్పుడల్లా లేచి కిటికీ గడియలు ఏడెనిమిదిసార్లు చూసే మనిషిని అడిగితే, కారణం హుద్‌హుద్ అని చెబుతారు. భయం అక్కడ పుట్టిందన్నది నిజమే. కాని అదే తుపానును చూసిన పక్కింటివారు ఈ రోజు నిద్రపోతున్నారు. భయం ఎక్కడ పుట్టిందన్నది ఒక ప్రశ్న, ఇన్నేళ్ళుగా ఎందుకు నిలిచి ఉందన్నది వేరొక ప్రశ్న. ప్రతి గడియ చూడగానే ఒక నిమిషం పాటు మనసు కుదుటపడుతోంది. అందువల్ల, చూడకపోయినా ఏమీ కాదని తెలుసుకునే అవకాశమే ఆ మనిషికి దొరకడం లేదు. మీ వాక్యంలో రెండవ ప్రశ్నకు సమాధానం ఉండాలి.

5. ఊహను పరీక్షించండి

ఒక్కటంటే ఒక్కటే మార్చి చూడండి. ఇంటర్మీడియట్ చదివే అబ్బాయికి కొన్ని ఉదయాలు కడుపునొప్పి వస్తుంది, డాక్టరు పరీక్షించి లోపం లేదన్నారు, అమ్మ ఇంటి దగ్గరే ఉంచేస్తోంది. ఆమె పక్కన కూర్చుని బుజ్జగించడం కోసమా, ఫోను దొరుకుతుందనా, కాలేజీలో దేని నుంచైనా తప్పించుకోవడానికా? నొప్పి వచ్చిన తేదీలను కాలేజీ పరీక్షల పట్టిక పక్కన పెట్టండి. వారాంతపు పరీక్ష ఉన్న రోజులతో కలిస్తే మూడవ ఊహ బలపడుతుంది. ఒకవేళ కలవకపోతే, ఇంటి దగ్గర ఉన్న రోజున ఫోను ఇవ్వకుండా ఒక వారం చూడండి. ఫోను, బుజ్జగింపు రెండూ ఒకే వారంలో మార్చితే ఏది పనిచేసిందో మీకు తెలియదు.

నొప్పి ‘నటన’ అనే మాట ఆ పిల్లవాడి దగ్గర అనకండి. భయంతో వచ్చే కడుపునొప్పి నిజమైన నొప్పే. హాని కలిగించే ప్రవర్తనలతో ఇంట్లో ఎన్నడూ ప్రయోగాలు చేయకండి. వాటిని శిక్షణ పొందినవారు మాత్రమే, భద్రత ఏర్పాట్లతో పరీక్షిస్తారు.

6. మార్చండి, ఏది మార్చాలో ప్రవర్తన చేసే పనిని బట్టి ఎంచుకోండి

సులభమైనది ‘ముందు’ గడిని మార్చడం. టిఫిన్ తిని బయలుదేరడం, నిద్ర వేళ సరిచేసుకోవడం కొందరికి సగం ఇబ్బందిని తగ్గిస్తాయి. కాని భయపెట్టే చోటికే వెళ్ళకుండా ఉండటం ఈ కోవలోకి రాదు, అది తప్పించుకోవడమే.

ప్రవర్తన ఏదైనా తెచ్చిపెడుతూ ఉంటే, దాన్నే తెచ్చిపెట్టే మరో దారిని ముందు నేర్పండి. ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ 1985లో, కష్టమైన పని ఇచ్చినప్పుడు గొడవ చేసే పిల్లలకు ‘నాకు అర్థం కావడం లేదు’ అని చెప్పడం నేర్పించి సహాయం అందేలా చేస్తే, గొడవ తగ్గిపోయిందని చూపించారు. పైన చెప్పిన అబ్బాయికి కూడా, ‘ఈ పరీక్షకు నేను సిద్ధంగా లేను’ అని ఇంట్లో తిట్లు పడకుండా చెప్పుకునే వీలు ఉంటే, కడుపునొప్పికి పని తగ్గుతుంది.

ప్రవర్తన భయాన్ని పోగొడుతూ ఉంటే, భయం ఉండగానే అక్కడే నిలబడటం కొంచెం కొంచెంగా నేర్చుకోవాలి. బస్సు భయం ఉన్నవారు మొదట రద్దీ లేని మధ్యాహ్నం వేళ రెండు స్టాపుల దూరం వెళ్ళి, దడ దానంతట అదే తగ్గేవరకు కూర్చుని, ఆ తరువాత దిగాలి. రెండు మూడు రోజులు కుదిరాక దూరం పెంచాలి, ఆపై రద్దీ వేళకు మారాలి. దడ ఎక్కువగా ఉన్నప్పుడు దిగిపోతే దిగడమే మళ్ళీ బలపడుతుంది. ఒక రోజు అలా జరిగితే కుంగిపోకండి. మరునాడు ఒక మెట్టు కిందనుంచి మొదలుపెట్టండి.

దిగులుతో మంచం పట్టినవారి విషయంలో, “మనసు బాగైతే లేస్తాను” అన్న వరుసను తిరగవేయవలసి ఉంటుంది. దిగులును ఈ కోణంలో చార్లెస్ ఫెర్‌స్టర్ 1973లో విశ్లేషించారు. లేవకపోవడం వల్ల ఆ పూటకు శ్రమ తప్పుతుంది, కాని సంతోషం కలిగించే పనులన్నీ ఒక్కొక్కటిగా జీవితం నుంచి తప్పుకుంటాయి. 1996లో నీల్ జేకబ్‌సన్ బృందం, పనులను క్రమంగా పెంచే చికిత్స ఒక్కటే, ఆలోచనలను కూడా సరిదిద్దే పూర్తి చికిత్సతో సమానంగా ఫలితమిచ్చిందని చూపించింది. సాయంత్రం ఐదున్నరకు పది నిమిషాలు బీచ్ రోడ్డులో నడవడం, మనసు ఎలా ఉన్నా సరే, ఒక మొదటి పని కావచ్చు. ‘రేపటి నుంచి రోజూ గంట’ అని రాసుకోకండి. మూడవ రోజున ఆగిపోతుంది, ఆగిపోవడం మీకు మీరే వేసుకున్న నింద అవుతుంది.

ఇంట్లోవారికి ఒక్క మాట. “నాకేం కాదు కదా?” అని రోజుకు ఇరవైసార్లు అడిగేవారికి ప్రతిసారీ ‘ఏం కాదు’ అని చెప్పడం ఆపితే, మొదటి రోజులలో అడగడం తగ్గదు, పెరుగుతుంది. ఇది ముందే తెలిసి ఉండాలి. పెరిగినప్పుడు విసుగుపడి సమాధానం చెబితే, గట్టిగా అడిగితేనే దొరుకుతుందని నేర్పినట్లవుతుంది. అందువల్ల, బాధపడుతున్న మనిషితో కలిసి ముందే ఒప్పందం చేసుకోండి: “నువ్వు అడిగినప్పుడు సమాధానం చెప్పను, నీ పక్కన కూర్చుంటాను.” ఒప్పందం లేకుండా హఠాత్తుగా ఆపడం క్రూరత్వం.

7. ఫలితాన్ని సరిచూడండి

మొదటి వారం లెక్కను పక్కన పెట్టుకుని, మార్పు మొదలుపెట్టాక కనీసం రెండు వారాల లెక్కతో పోల్చండి. అడ్డంగా రోజులు, నిలువుగా ఎన్నిసార్లు అన్న అంకె వేసి చుక్కలు కలిపితే చాలు. ఒక్క మంచి రోజునూ ఒక్క చెడ్డ రోజునూ ఫలితంగా తీసుకోకండి.

దడ 7 నుంచి 5కు వచ్చిందా అన్నదాని కంటే, ఆఫీసుకు బస్సులో చేరిన రోజులు ఎన్ని అన్నది లెక్కపెట్టండి. భయం అంకె కొన్ని వారాలు అలాగే ఉండి, జీవితం ముందుగా తిరిగి రావచ్చు. మరొక తనిఖీ కూడా చేయండి: పాత ప్రవర్తన చేసే పనిని కొత్తదేదైనా చేస్తోందా? బస్సు దిగడం మానేసి, తలుపు పక్కనే నిలబడటం, చేతిలో నీళ్ళ సీసా లేనిదే ఎక్కకపోవడం, దారి పొడవునా ఇంటికి ఫోన్ చేస్తూ ఉండటం మొదలైతే, వాటిని కూడా వరుసలుగా రాసి ఒక్కొక్కటిగా తగ్గించండి.

మూడు వారాలైనా గీత కదలకపోతే ఎక్కువసార్లు తప్పు మీ పట్టుదలలో ఉండదు, నాలుగవ అడుగులో రాసిన వాక్యంలో ఉంటుంది. వెనక్కి వెళ్ళి ‘వెంటనే’ గడులను మళ్ళీ చదవండి. అప్పటికీ దొరకకపోతే క్లినికల్ సైకాలజిస్టును కలవండి. వారికి భారత పునరావాస మండలి నమోదు ఉండాలి. ఆ నమోదు సంఖ్య అడగడం మర్యాదలేమి కాదు. మందులు అవసరమా అన్నది సైకియాట్రిస్టు నిర్ణయిస్తారు, సైకాలజిస్టు కాదు. మీరు చెప్పినది గోప్యంగా ఉంచుకునే హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీకు ఇస్తోంది.

మొదటి అపాయింట్‌మెంటుకు నోటుపుస్తకాన్ని శుభ్రంగా తిరగరాయకుండా, కొట్టివేతలతో సహా అలాగే తీసుకువెళ్ళండి. ఏ వరుసలోనైనా ‘వెంటనే’ గడి ఖాళీగా ఉంటే, అక్కడ ఏదో ఒకటి నింపకండి. సైకాలజిస్టు మీతో మొదట మాట్లాడేది ఆ ఖాళీ గడి గురించే.